వాన పలక

మల్కాజ్‌గిరి,
ఫిబ్రవరి 26.

చెల్లె వసుధకు,

ఉత్తరం చూసి కంగారుపడకు. ఇక్కడ అందరం బాగున్నాం. నా ఫోన్‌లో ఈమధ్య నీ మాట గరగరమంటోంది. నువ్వొకటి అడిగితే నేనొకటి చెప్తున్నానని మొన్న నవ్వావు కదా. అందుకే పోస్టాఫీసుకు పోయి పది కవర్లు తెచ్చుకున్నాను. ఏడో తరగతిలో నా దస్తూరి చూసి సార్లు మెచ్చుకునేవాళ్లు. ఇన్నేళ్లకు దానికి పని దొరికింది. నువ్వు కూడా రాయి. ఫోన్ మాత్రం చేయకు.

ఈసారి వడియాల పని పెద్ద ఎత్తున మొదలుపెట్టాం. నేను, రెండు గల్లీల అవతల ఉండే బాలమ్మ, పక్కింటి జగదాంబ, ఇంకో ఇద్దరు. మోండా మార్కెట్‌లో కిరాణా కొట్టున్న ఓంప్రకాశ్ గారు పోయినేడు మా గుమ్మడి వడియాలు వేయించుకుని తిన్నాడట. ఈ ఎండాకాలమంతా మా సరుకే కావాలన్నాడు. ఇదివరకటిలాగా సంచిలో కలిపి అమ్మడట. ప్యాకెట్టు మీద పేరు అచ్చువేయిస్తాడట. ఏం పేరు పెట్టాలని అడిగితే జగదాంబ ఠక్కున “అనసూయమ్మ వడియాలు” అన్నది. నేను వద్దన్నాను. పెద్దగా వద్దనలేదనుకో.

గ్రైండర్ రాయి పగిలి మూలపడింది. పప్పును బాలమ్మ ఇంటికి మోసుకుపోయి రుబ్బి తెస్తున్నాం. పొద్దున తొమ్మిదికల్లా డాబా నిండా వడియాలు పెట్టేస్తాం. తర్వాత వాళ్లు ఇళ్లకు పోతారు, సాయంత్రం దాకా కాపలా నాది. మీ బావ పర్వతాలు సంగతి తెలిసిందే, పొద్దున్నే వర్క్‌షాపుకు పోతే మళ్లీ చీకటిపడే వేళకే రావడం.

నీ పని గురించి రాయి. చదివి అందరికీ చెప్పుకోవాలి.

నీ అక్క,
అనసూయ


పుణె,
మార్చి 5.

అక్కా,

నీ కవరు చూసి మా హాస్టల్ వార్డెన్ కోర్టు నోటీసు అనుకుంది. నా చేతికి ఇచ్చి, చదివేదాకా పక్కనే నిలబడింది. కొత్త ఫోన్ పంపిస్తానంటే నువ్వు ఒప్పుకోవు కాబట్టి నేనూ కాగితం పట్టాను. నా అక్షరాలు కోడిగీతలని నవ్వొద్దు.

పని గురించి అడిగావు. ఊరి బయట కొండ మీద ఒక పెద్ద ఇల్లు ఉంది. నడి హాల్లో పైకప్పుకు పెద్ద గాజు కిటికీ. ఇంట్లో ఎవరూ లేనప్పుడు వాన వస్తే అది దానంతట అదే మూసుకోవాలి. ఆ పని మొత్తం నాకే అప్పజెప్పారు. అగ్గిపెట్టె కంటే కాస్త పెద్ద పలక ఒకటి ఉంటుంది. దాని మీద సన్నటి రాగి గీతలు, రెండు దువ్వెనల పళ్లను ఒకదానిలో ఒకటి దూర్చినట్టు, కానీ ఒకదానికొకటి తగలకుండా. వాన చుక్క పడిందంటే ఆ సందులో కరెంటు దాటుతుంది. పలక వెనకున్న చిన్న పెట్టెకు అది తెలుస్తుంది. పెట్టె మోటారును తిప్పుతుంది, కిటికీ మూసుకుంటుంది. దసరాకే పలక బిగించాను, మోటారు మొన్న వచ్చింది. పోయినవారం ఇంటావిడ ముందు నిచ్చెనెక్కి మగ్గుతో నీళ్లు పోశాను. కిటికీ మూసుకుంటుంటే ఆమె చిన్నపిల్లలాగా మళ్లీ పోయి, మళ్లీ పోయి అంటూ మూడుసార్లు పోయించుకుంది.

మా బృందంలో తొమ్మిదిమంది. నేను తప్ప అందరూ మగవాళ్లు, అందరూ నా కంటే పదేళ్లు చిన్న. చీరల దుకాణంలో మడతలు పెట్టుకుంటూ పదేళ్లు గడిపిన మనిషి ముప్పై దాటాక ఐటిఐలో చేరుతానంటే నవ్వనిది నువ్వొక్కదానివే. “బెంచీ మీద జాగ లేకుంటే కింద కూసో, గని పో” అన్నావు. ఆ నిచ్చెన మీద నిలబడినప్పుడు ఆ మాట గుర్తుకొచ్చింది.

ప్యాకెట్టు అచ్చయ్యాక ఒకటి పంపించు.

వసుధ


మల్కాజ్‌గిరి,
మార్చి 22.

వసుధా,

నీ ఉత్తరం జగదాంబకు చదివి వినిపించాను. కిటికీ సంగతి మీ బావ వర్క్‌షాపులో చెప్పుకున్నాడట. మీ మరదలా అని అడిగారట. ఆయన ఛాతీ రెండంగుళాలు పెరిగింది.

ఇక్కడి కబురు మంచిది కాదు. మొన్న బుధవారం మధ్యాహ్నం వాన కొట్టింది. మార్చిలో అంత వాన ఎవరనుకుంటారు. ఓంప్రకాశ్ గారికి పంపాల్సిన మొదటి సరుకు, నాలుగు రోజులుగా పెట్టినది, డాబా మీదే ఉంది. సగం ఎండినవి ఉబ్బాయి, పచ్చివి పిండిపిండిగా కరిగి గొట్టంలోంచి కిందికి కారాయి. వీధిలో కాలువ తెల్లగా పారిందట. ఐదుగురి నాలుగు రోజుల కష్టం పోయింది.

నేను కిందే ఉన్నాను, వెనక రేకుల గదిలో. పిండి గాలికి ఎగరకుండా కిటికీ మూసుకుని పనిచేసుకుంటున్నాను. గ్రైండర్ చప్పుడులో వాన వచ్చింది తెలియలేదు. బాలమ్మ తడుచుకుంటూ పరిగెత్తుకొచ్చి నన్ను భుజం పట్టి కుదిపేదాకా తెలియలేదు. అప్పటికి అయిపోయింది.

ఆమె ఏమీ తిట్టలేదు. “గింత వాన గొడుతుంటే తెల్వలేదా అక్కా? రేకుల మీద రాళ్లు వోసినట్టు వడ్డది గద” అన్నది. అంతే. కానీ మర్నాడు పనికి వచ్చినప్పుడు ఎవరూ నాతో సరిగా మాట్లాడలేదు. మధ్యాహ్నం కాపలాకు వంతులు వేసుకుందామని తమలో తాము అనుకున్నారు. నా ఇల్లు, నా డాబా, కాపలా మాత్రం నాకొద్దట. ఓంప్రకాశ్ గారు నెలన్నర గడువిచ్చాడు. ఈసారి తప్పితే పేరు సంగతి మరిచిపోవాల్సిందేనట.

నువ్వు దీని గురించి బెంగపడకు. చెప్పుకోవడానికి రాశాను.

అక్క


పుణె,
మార్చి 28.

అక్కా,

నీ ఉత్తరం నాలుగుసార్లు చదివాను. కోపం తెచ్చుకోకుండా ఇది మొత్తం చదువు.

గ్రైండర్ మూలపడిందని పోయిన నెల నువ్వే రాశావు. రాయి పగిలిందన్నావు. బాలమ్మ ఇంట్లో రుబ్బుకుంటున్నామన్నావు. మరి బుధవారం ఏ గ్రైండర్ చప్పుడు?

నేను జగదాంబ గారికి ఫోన్ చేశాను. నువ్వు వాళ్లతో నిద్రపట్టిందని చెప్పావట కదా. ఆమె నమ్మలేదు. “చేతులకి మోచేతుల దాకా పిండి ఉందండీ. ముందు జల్లెడ, పక్కన జల్లించిన గుట్ట. నిద్రపోయిన మనిషి అలా ఉంటుందా?” అన్నది. ఆమె ఇంకెవరికీ చెప్పలేదు, చెప్పదు కూడా.

నాకు గ్రైండర్ అన్నావు. వాళ్లకు నిద్ర అన్నావు. నీ నెత్తికి మూరెడు ఎత్తులో రేకులున్నాయి. వాటి మీద అంత వాన పడితే నిద్రలో ఉన్నవాళ్లు కూడా లేచి కూర్చుంటారు. నీ ఫోన్ మాత్రమే గరగరమంటుందనుకున్నాను. టీవీ ఆపేశానని సంక్రాంతికి ముందు చెప్పావు. పోయినసారి నేను వచ్చినప్పుడు వెనక నుంచి పిలిస్తే పలకలేదు, కోపమొచ్చిందనుకుని నేనే అలిగి కూర్చున్నాను.

అక్కా, నీకు వినపడటం లేదు కదా? ఎన్నాళ్లయింది?

వసుధ


మల్కాజ్‌గిరి,
ఏప్రిల్ 2.

వసుధా,

నా చెవుల సంగతి నిన్నెవరు అడిగారు? నా వెనక పక్కింటికి ఫోన్ చేసి ఆరా తీసేంత పెద్దదానివయ్యావా? నిద్రపట్టిందంటే నిద్రే. మొద్దునిద్ర మనిషి అన్నా పడతాను. రేపు ఇంకాస్త జాగ్రత్త తీసుకుంటుందిలే అనుకుంటారు. ఆ రెండో మాట బయటపడితే ఇంక పిలిచేవాళ్లుండరు. మా అత్త సంగతి నీకు తెలియదు. చివరి పదేళ్లు ఆమె ముందే ఆమె గురించి అన్నీ మాట్లాడుకునేవాళ్లు, ఆమె గోడలాగా కూర్చునేది. నేను కూడా మాట్లాడాను.

ఈ విషయం మళ్లీ రాయకు.

అనసూయ


పుణె,
ఏప్రిల్ 8.

అక్కా,

రాయను. జగదాంబ గారికి ఫోన్ చేయడం తప్పే, నిన్ను అడగకుండా చేశాను.

దీంతోపాటు పార్సిల్ పంపిస్తున్నాను. అందులో రెండు వాన పలకలు, రెండు పెట్టెలు, రెండు ఎర్ర బల్బులు, పొడవాటి తీగలు ఉన్నాయి. కిటికీకి పెట్టినటువంటివే. ఇవి కిటికీ మూయవు, బల్బు వెలిగిస్తాయి. పలకలను డాబా మీద రెండు మూలల్లో పెట్టు. మొదటి చుక్కలు ఒక మూల పడి రెండో మూల పడకపోవచ్చు కాబట్టి రెండు. పలకను పడుకోబెట్టకు, ఒక అంచు కింద ఇటుక ముక్క పెట్టి కాస్త ఏటవాలుగా ఉంచు. అప్పుడు వాన ఆగాక నీళ్లు జారిపోతాయి. ఒక బల్బు ముందుగదిలో, ఒకటి రేకుల గదిలో నీ కళ్లకు ఎదురుగా. కరెంటు తగిలే చోట్లన్నీ నేనే బిగించి మూసేశాను, నువ్వు ప్లగ్గు పెడితే చాలు. పెట్టె పక్కన చిన్న స్క్రూ ఉంటుంది. ఊరికే వెలుగుతుంటే ఎడమకు, చుక్క పడినా వెలగకపోతే కుడికి తిప్పు. మిల్లీమీటరు మాత్రమే.

ఇవి ఎందుకు పెట్టావని ఎవరైనా అడిగితే మా చెల్లెలి కంపెనీ పరీక్షకు పంపిందని చెప్పు. అది అబద్ధం కూడా కాదు.

ఇక్కడ పని బాగానే సాగుతోంది.

వసుధ


మల్కాజ్‌గిరి,
ఏప్రిల్ 24.

చెల్లె,

పార్సిల్ వచ్చి మూడు రోజులు మంచం కిందే ఉంది. విప్పకూడదనుకున్నాను. నాలుగో రోజు మధ్యాహ్నం కాపలా వంతు బాలమ్మది. ఆమె డాబా మీద గొడుగు వేసుకుని కూర్చుంది, నేను నా సొంత ఇంట్లో కింద చేతులు ముడుచుకుని కూర్చున్నాను. ఆ కూర్చోవడం నాకు నచ్చలేదు. లేచి విప్పాను.

నీ కాగితం చూస్తూ ఒక్కదాన్నే బిగించాను. నిచ్చెనెక్కి తీగను గొట్టం పక్క నుంచి దించాను. మగ్గుతో నీళ్లు పోసి గబగబా మెట్లు దిగి వచ్చేసరికి రేకుల గదిలో బల్బు ఎర్రగా వెలుగుతోంది. ఎంతసేపు చూశానో తెలియదు. మళ్లీ పైకి పోయి తుడిచి వచ్చాను, ఆరిపోయింది. ఆ ఇంటావిడ మూడుసార్లు పోయించుకుందని రాశావు. నేను ఐదుసార్లు పోశాను.

తర్వాత తక్లీఫ్‌లు మొదలయ్యాయి. మొదటిరోజు బల్బు వెలిగితే అందరం చెంగులు బిగించి పరిగెత్తాం. పైన ఎండ మండుతోంది, పలక మీద పావురం రెట్ట ఉంది. పలక చుట్టూ నాలుగు చీపురు పుల్లలు గుచ్చాను, ఇక అవి వాలడం లేదు. రెండోరోజు గుమ్మడి తురుము పిండిన ఉప్పు చేతులతో పలకను సర్దాను. గంటసేపు ఆరలేదు. కడిగితే ఆరింది. మూడోరోజు పక్కింటి ట్యాంకు పొంగి తుంపర పడింది. దాన్ని తప్పు అనలేం, నీళ్లు నీళ్లే కదా. పలకనే ఆ మూల నుంచి జరిపాను. బాలమ్మ నవ్వింది. “నీ చెల్లె దీపం మంచిగనే ఉన్నది అక్కా, పావురాలు గిట్ల వస్తే సుత చెప్తది” అన్నది. నేను స్క్రూ ఒక వెంట్రుకవాసి ఎడమకు తిప్పాను. ఇప్పటికి ఆరు రోజులు, ఒక్క తప్పుడు వెలుగు లేదు.

అడిగావు కాబట్టి చెప్తున్నాను. రెండేళ్లయింది. ముందు కుడిచెవి, తర్వాత రెండోది. మీ బావ గొంతు వర్క్‌షాపు గొంతు కాబట్టి ఆయన మాట వినపడుతుంది, ఎదురుగా ఉంటే. మిగతావాళ్ల మాట పెదవులు చూసి పోల్చుకుంటాను. ఈ మాట ఇంకెవరికీ తెలియదు. నీకు రాశాక కాస్త తేలికగా ఉంది.

అక్క


పుణె,
ఏప్రిల్ 29.

అక్కా,

చీపురు పుల్లల ఆలోచన మా కంపెనీలో ఎవరికీ రాలేదు. ఉప్పునీళ్లలో కరెంటు ఇంకా తేలికగా దాటుతుంది, అందుకే ఆరలేదు. నువ్వు చేసినవన్నీ సరిగ్గానే చేశావు.

చెవి డాక్టరు దగ్గరకు పోదామని నేను అనను, నువ్వే అనుకుంటే చెప్పు.

ఇక్కడ అంతా మామూలే.

వసుధ


మల్కాజ్‌గిరి,
మే 6.

చెల్లె వసుధకు,

ఇది తీరికగా చదువు. నిన్న జరిగింది జరిగినట్టు రాస్తాను.

ఓంప్రకాశ్ గారి గడువు బుధవారంతో తీరుతుంది. డాబా మీద మొత్తం సరుకు పరిచి ఉంది, ఇంకొక్క ఎండ పడితే చాలు. ఎండ ఎక్కువని అందరూ ఇక్కడే తిన్నారు. ముందుగదిలో నలుగురూ టీవీ పెట్టుకుని కూర్చున్నారు. కాపలా వంతు బాలమ్మదే, కానీ ఎండకు ఆగలేక ఆమె కూడా కిందికి దిగింది. నేను వెనక గదిలో డబ్బాలు తుడుస్తున్నాను. ఎదురుగా బల్బు వెలిగింది.

ఎవరికీ చెప్పలేదు. చెప్పడానికి ఆగితే ఆలస్యమవుతుంది. మెట్లెక్కి పైకి పోయాను. ఎండ ఇంకా ఉంది. అల్వాల్ వైపు ఆకాశం మాత్రం నల్లగా దిగింది. నేల మీద అక్కడొకటి ఇక్కడొకటి రూపాయి బిళ్లంత చుక్కలు. నేను షీట్ల నాలుగు అంచులూ ఎత్తి మడతపెట్టడం మొదలుపెట్టాను. ముందుగదిలోనూ బల్బు వెలుగుతుంది కదా, దాన్ని చూసి జగదాంబ, మిగతావాళ్లు వచ్చారు. ఆఖరి మూట మెట్ల గదిలోకి లాగేసరికి వాన కుండపోతగా దిగింది. నేను మెట్ల గది రేకు మీద అరచెయ్యి పెట్టాను. చెయ్యి అదిరింది. ఈ ఏడాది వాన నాకు అలా తెలిసింది.

ఒక్క వడియం తడవలేదు.

అందరం గసపెడుతూ మూటల మీద కూలబడ్డాం. బాలమ్మ నా ఎదురుకొచ్చి కూర్చుని అడిగింది. “టీవీ మోతల మాకే తెల్వలె. మా దీపం వెలగకముందే వెనుక అర్రల ఉన్న నీకెట్ల ఎర్కైంది అక్కా?” బల్బు అని చెప్పి ఊరుకోవచ్చు. ఆమె ముఖం చూశాను. మార్చి నుంచి ఆమె నన్ను పూర్తిగా నమ్మడం లేదు, నేను కూడా ఆమెను నమ్మి చెప్పలేదు.

“నాకు చెవులు ఇనవడయి బాలమ్మా” అన్నాను. “రెండేండ్లాయె. ఆ దినం నేను నిద్రవోలె, మేల్కొనే ఉన్న. వాన నాకు ఇనవడలె. అందుకే మా చెల్లె ఈ దీపం వంపింది.”

నేను వాళ్ల పెదవులకేసి చూశాను. తర్వాత బాలమ్మ కళ్లు తుడుచుకుంది. “ముందుగాల చెప్పరాదా? అనసూయక్కది మొద్దునిద్ర అని వాడంత చెప్పుకుంట తిరిగిన గద నేను. ఇప్పుడు మల్ల అందరి ఇండ్లకు వోయి కాదని చెప్పాలె” అన్నది. ఈ పొద్దున నిజంగానే పోయి చెప్పి వచ్చిందట. నా గురించి వాడకట్టంతా తెలిసిపోయింది. ఇదివరకు భయపడినట్టు ఏమీ కాలేదు. వాళ్లు ముందుకొచ్చి, నా ముఖం చూసి మాట్లాడుతున్నారు, అంతే. కాపలా వంతులు రద్దు చేశారు. పని మళ్లీ నాదే.

మీ బావకు కూడా నిన్న సాయంత్రమే చెప్పాను. ఆయన చెప్పులు విప్పుతూ అలాగే ఆగిపోయాడు. “రెండేండ్ల సంది నా మీద అలిగినవనుకున్న” అన్నాడు. చాలాసేపటికి నవ్వాడు, నేనూ నవ్వాను.

ఇంకొక సంగతి ఉంది. రెండు పలకలూ ఒకేరోజు పెట్టానా, ఇప్పుడు ఒకటి చెడిపోతోంది. ముందుగది పలక మీద రాగి గీతలు నల్లబడి, పచ్చగా చిలుము పట్టాయి. చింతపండుతో తోమితే పోయింది, వారానికి మళ్లీ వచ్చింది. ఒక్కో చోట గీతే తెగిపోయింది. నిన్నటి వానకు అది కాస్త ఆలస్యంగా వెలిగింది, జగదాంబ చూసింది. వెనకగది పలక మాత్రం కొత్తదానిలా మెరుస్తోంది. అదే ఎండ, అదే వాన, రోజూ సాయంత్రం రెండింటినీ నేనే తడిగుడ్డతో తుడుస్తాను. తేడా ఒక్కటే. ముందుగది ప్లగ్గు బీరువా వెనక ఉంది, చెయ్యి పోదు. అది రాత్రీపగలూ నడుస్తూనే ఉంటుంది, తడిగా ఉన్నప్పుడు కూడా. వెనకదానికి మాత్రం పని అయిపోయాక ప్లగ్గు తీసి అప్పుడు తుడుస్తాను. తడి మీద కరెంటు ఆడుతూ ఉంటే రాగిని తినేస్తోందని నాకనిపిస్తోంది. నిజమో కాదో నువ్వే చెప్పాలి.

నీ ఉత్తరాలు కూడా నేను చెవులతో కాదు కదా చదివేది. మార్చిలో ఆ కిటికీ గురించి కాగితం నిండా రాశావు. ఏప్రిల్‌లో రెండుసార్లు రాసి ఒక్క ముక్క కూడా ఎత్తలేదు. “పని బాగానే సాగుతోంది.” “అంతా మామూలే.” నేను చెప్పాను. ఇక నీ వంతు.

అక్క


పుణె,
మే 27.

అక్కా,

జవాబు ఆలస్యమైంది. ఆలస్యానికి కారణముంది, అది కూడా చెప్తాను.

ఏప్రిల్ మూడున ఇక్కడ వాన పడింది. ఆ కొండ మీది ఇంట్లో ఎవరూ లేరు. కిటికీ మూసుకోలేదు. హాల్లో చెక్క నేల మొత్తం ఉబ్బి పైకి లేచింది. మా పైఅధికారి సత్యదేవ్ గారు అందరి ముందు నా వైరింగ్ తప్పన్నారు. తీగలు ఒక్కొక్కటీ మూడుసార్లు చూసుకున్నాను, తప్పు దొరకలేదు. దొరకనప్పుడు లేదని చెప్పడానికి నాకు నోరు రాలేదు. నన్ను సైట్ నుంచి తీసి గోదాములో వేశారు. రెండు నెలలుగా తీగలు చుట్టి, చీటీలు అంటించి, అరల్లో పెడుతున్నాను. నీకు పార్సిల్ పంపిన రోజు నేను గోదాములోనే ఉన్నాను. నా మీద నాకే నమ్మకం లేని రోజుల్లో అవి బిగించాను. నీకు చెప్పలేదు. నువ్వు బావతో, జగదాంబ గారితో నా గురించి చెప్పుకున్నావు. దాన్ని నేనెలా వెనక్కి తీసుకోను?

నీ ఉత్తరం చదివి గోదాములో పనికిరాని సామాను పెట్టె బోర్లించాను. కొండ మీది పలక అందులోనే దొరికింది. నల్లగా, పచ్చగా, గీతలు అక్కడక్కడ తెగి. నువ్వు రాసినట్టే ఉంది. దసరా నుంచి మార్చి దాకా కొండ మీద రోజూ తెల్లవారుజామున మంచు పడుతుంది, పలకలో కరెంటు ఒక్క క్షణం ఆగలేదు. వైరింగ్ తప్పు కాదక్కా. మగ్గుతో పోసిన నీళ్లకు ఎలాగో పలికింది. నెల తర్వాత వాన చుక్కలకు పలకలేకపోయింది.

వెంటనే పోయి చెప్పలేదు. చెప్తే నమ్మాలి కదా. హాస్టల్ డాబా మీద రెండు కొత్త పలకలు తడిగుడ్డ మీద పెట్టాను. ఒకదానికి కరెంటు ఎప్పుడూ ఉండేట్టు, రెండోదానికి పది సెకన్లకు ఒకసారి రెప్పపాటు మాత్రమే ఉండేట్టు పెట్టె లోపలి ప్రోగ్రాం రాతను మార్చాను. రోజుకు రెండుసార్లు నీళ్లు చల్లుతూ పన్నెండు రోజులు చూశాను. మొదటిది నల్లబడింది. రెండోది మెరుస్తోంది, చుక్క పడగానే పలుకుతోంది కూడా. వాన తెలియడానికి పది సెకన్లు పట్టినా ఫరవాలేదులే.

పలకలు రెండూ సత్యదేవ్ గారి బల్ల మీద పెట్టాను. రెండు పేజీల నివేదిక కూడా. మొదటి వాక్యం ఇలా రాశాను: “ఈ లోపాన్ని మొదట గుర్తించినది శ్రీమతి అనసూయమ్మ, మల్కాజ్‌గిరి, సికింద్రాబాద్.” ఆయన చదివి ఈమె ఏ సంస్థలో పనిచేస్తారని అడిగారు. సొంత సంస్థ, గుమ్మడి వడియాలు తయారుచేస్తారు, మా అక్క అని చెప్పాను. ఆయన నవ్వలేదు. రెండు పలకలనూ వెలుగుకు పెట్టి చాలాసేపు చూశారు. నేను పలకలు పెట్టిన ఇళ్లన్నీ ఒకసారి తిరిగి చూసి రమ్మన్నారు. అందరి ముందు అన్న మాటను నిన్న అందరి ముందే వెనక్కి తీసుకున్నారు. కొండ మీది ఇంటికి సోమవారం మళ్లీ పోతున్నాను. ఈ మార్పు ఇకపై కంపెనీ పెట్టే ప్రతి పలకకూ ఉంటుంది. పదకొండు ఊళ్లలో మా పలకలున్నాయి.

నా ఉద్యోగంలో నాకు ఇంత గర్వంగా ఎప్పుడూ లేదు. అందులో నా వాటా సగమే.

నీ పెట్టెల్లోని రాతను కూడా మార్చాలి. వచ్చే నెల నాలుగు రోజులు సెలవు దొరికింది, నేనే వస్తున్నాను.

వసుధ


మల్కాజ్‌గిరి,
జూన్ 30.

చెల్లె,

నువ్వు రైలెక్కి పదిరోజులైంది. నువ్వున్న నాలుగు రోజులూ మాటలకే సరిపోలేదు. నువ్వు నా ముఖం చూసి నెమ్మదిగా మాట్లాడుతుంటే మీ బావ కూడా నేర్చుకున్నాడు. ఇప్పుడు ఆయన నన్ను పిలవాలంటే లైటు స్విచ్ రెండుసార్లు నొక్కుతున్నాడు.

చెవుల పరీక్షకు పోయి వచ్చాం. ఎడమచెవిలో కొంత మిగిలిందట, మిషను పెడితే పనిచేస్తుందని డాక్టరమ్మ చెప్పింది. కొలతలు తీసుకున్నారు. కుడిచెవి సంగతి దాచకుండా చెప్పింది, ఇక రాదట. నేను ఏడవలేదు. మీ బావ కాస్త అటు తిరిగాడు.

వడియాల కాలం అయిపోయింది. ఓంప్రకాశ్ గారు వచ్చే ఏడాదికి ఇప్పుడే అడిగాడు.

ఇక అసలు సంగతి. అల్వాల్‌లో జగదాంబ అన్నయ్య రామ్మోహనరావు గారని ఉన్నారు. భార్యకు మోకాళ్లు పనిచేయవు. ఆయన బయటికి పోయినప్పుడు వాన వస్తే కిటికీలోంచి జల్లు పడి ఆమె పక్క తడుస్తోందట, ఆమె లేచి మూయలేదు. వాన పలికితే పక్కింటివాళ్లకు బల్బు వెలిగేట్టు పెట్టగలరా అని అడిగారు. నువ్వు వదిలిపోయిన మూడో పెట్టె తీసుకుని నిన్న బస్సెక్కి పోయాను. బాలమ్మ నిచ్చెన పట్టుకుంది.

రామ్మోహనరావు గారు నన్ను చూసి మెకానిక్ ఎప్పుడొస్తాడని జగదాంబను అడిగారు. ఆయన పెదవులు చూసి పోల్చుకున్నాను. జగదాంబ జవాబు చెప్పేలోగా నేనే చెప్పాను. “నేనే. జెర గట్టిగ మాట్లాడున్రి, నాకు ఇనవడది” అన్నాను. ఆ మాటను, వసుధా, పేరు చెప్పినట్టు చెప్పాను.

పలకను ఏటవాలుగా పెట్టాను, చుట్టూ పుల్లలు గుచ్చాను, తీగను ప్రహరీ మీదుగా పక్కింటి వంటగదిలోకి లాగాను. ప్లగ్గు పెట్టాను. నిచ్చెనెక్కి మగ్గుతో నీళ్లు పోశాను. పక్కింటి కిటికీలో ఎర్రగా వెలిగింది. ఆమె మంచం మీద నుంచి దాన్ని చూడగలిగింది, పక్కింటి పిల్లలు, ఆ ఇంటి కోడలు పరిగెత్తుకొచ్చి వీళ్ల కిటికీ మూశారు. తర్వాత అందరూ వాకిట్లోకి వచ్చి నిలబడి పైకి నా వైపు చూశారు.

చప్పట్లు కొట్టారు. నేను మగ్గు చేత్తో పట్టుకుని నిచ్చెన మీదే నిలబడి, ఆ చేతులన్నీ ఆగేదాకా చూశాను.

నీ అక్క,
అనసూయమ్మ